కిటికీలోంచి వేసిన నవల

ముసలితనంలో కోపం తగ్గుతుందని నాకు చెప్పినవాళ్లెవరూ రేషన్ దుకాణం ముందు వేలిముద్ర మిషన్‌తో ఒక్క పూట కొట్లాడి ఉండరు. నేను కొట్లాడాను. ఓడిపోయాను. ఆ ఓటమిలోంచే నా నవల పుట్టింది కాబట్టి ముందు ఆ సంగతి చెప్పాలి.

నలభై ఏళ్లు తాండూరులో బండలు పాలిషు పట్టిన చేతులు నావి. పొద్దస్తమానం నీళ్లూ రాతి బురదా. బండలు నునుపు తేలుతుంటే వాటితోపాటు నా వేళ్లూ నునుపు తేలాయని నాకు తెలియలేదు. ఇప్పుడు నా బొటనవేలు చూస్తే చింతగింజలా ఉంటుంది. ఒక్క గీత లేదు. దుకాణంలో మిషన్ మీద ఆ వేలు పెడితే ఎర్ర లైటు. ఇంకో వేలు పెడితే ఇంకో ఎర్ర లైటు. పది వేళ్లూ అయ్యాక డీలరు తల గోక్కున్నాడు.

"తాతా, నీకు వేళ్లున్నయ్ గని ముద్రలు లేవే. మిషన్ల నువ్వు లేవు."

"మరి నీ ముందల నిలవడ్డది ఎవడ్రా?"

"నువ్వే. నాకెర్కనే. మిషన్‌కు ఎర్క లేదు."

ఆ సాయంత్రమే రెండు వందల పేజీల నోటుపుస్తకం, మా వైపు కాపీ అంటాం, ఒకటి కొన్నాను. అట్ట మీద గులాబీ పువ్వు బొమ్మ ఉంది. దేశంలో ప్రతి మనిషినీ ప్రతి నిమిషం కనిపెట్టి చూసే ప్రభుత్వం గురించి అందులో నవల రాయడం మొదలుపెట్టాను.

నేను బడికి పోలేదు. మార్కెట్‌లో కంది బస్తాల మీద ముద్రలు చూసి అక్షరాలు పట్టుకున్నాను. తర్వాత శాఖా గ్రంథాలయంలో అలమారా అలమారా చదివాను. నిఘా రాజ్యాల మీద నవలలు అక్కడ నాలుగైదు ఉన్నాయి. అన్నిటి మీదా నాకు ఒకటే ఫిర్యాదు. ఆ రాజ్యాలన్నీ చలి దేశాల్లోనే ఉంటాయి. హీరో ఎప్పుడూ బూట్లేసుకున్న గుమాస్తాయే. బండ మోసేవాణ్ణి ఏ ప్రభుత్వమూ చూడదా? వాడి మీద నిఘా పెట్టడం దండగనా?

అందుకని నా హీరో పాలిషు మేస్త్రి. నా దేశంలో ప్రతి తలుపూ బొటనవేలు పెడితేనే తెరుచుకుంటుంది. ఇల్లు, బస్సు, దవాఖాన, చివరికి మరుగుదొడ్డి కూడా. మావాడికి ముద్రల్లేవు, ఏ తలుపూ తీయదు. అందరినీ చూసే ప్రభుత్వానికి వాడొక్కడు కనబడడు. కనబడలేదు కాబట్టి వాడు లేడని ప్రభుత్వం ముందు కాగితం రాసుకుంటుంది. లేనివాడు బజార్లో తిరుగుతున్నాడేమిటని ఆ తర్వాత దానికి కోపం వస్తుంది. వాణ్ణి పట్టుకోవడానికి ప్రతి గల్లీకీ ఒక మనిషిని జీతమిచ్చి కూర్చోబెడుతుంది.

ఆ గల్లీ మనిషి కోసం నేను ఎక్కడో వెతుక్కోవలసిన పని లేకపోయింది. మా గల్లీ మూలన జొన్నలూ గోధుమలూ పట్టే గిర్ని ఉంది. దాని యజమానురాలు పొద్దున ఆరింటికి ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ బయట వేసుకుంటుంది. ఎక్కడ వేస్తే మూడు దారులూ కనబడతాయో సరిగ్గా అక్కడ. కుడి చేతికి మగవాళ్ల గడియారం, కనుబొమల మీద పిండి. ఎవరు పోయినా ఒక్కటే మాట: "ఎటు?" మనిషన్నవాడు జవాబు చెప్పకుండా ఆ మూల దాటలేడు. నేను కూడా యాభై ఏళ్లుగా చెప్పుకుంటూనే వస్తున్నాను, "గిట్లనే, చాయ్‌కి" అని. ఆమె మీద ఏడు పేజీలు రాశాను. కుర్చీ రంగుతో సహా ఉన్నదున్నట్టు రాశాను. జీతం సంగతి మాత్రం కల్పించాను. ప్రతి నెలా ఒకటో తారీఖున సర్కారు మనిషి వచ్చి పిండి డబ్బాలో దాచిపెట్టి పోతాడని.

ఇక తప్పించుకునే విద్య మీద నాకు సొంత అనుభవమే ఉంది. ఎమర్జెన్సీ రోజుల్లో నాకు కొత్తగా పెళ్లయింది. మగవాళ్లను ఆపరేషన్‌కు పట్టుకుపోయే జీపు తిరుగుతున్నదని ఊరంతా ఒకటే పుకారు. పిల్లలున్నారా లేరా అని కూడా అడగరట. నేనేం చేశాను? తెల్లవారుజామున చెంబు పట్టుకుని, బయటికి పోతున్నవాడిలా గల్లీ దాటి, చెంబు తుప్పల్లో పెట్టి రైలెక్కాను. వికారాబాదులో దిగి అనంతగిరి కొండ ఎక్కి, పద్మనాభస్వామి గుడి సత్రంలో ఎనిమిది రోజులు ప్రసాదాలు తిని పడుకున్నాను. జీపు మా గల్లీకి వచ్చింది, ఉత్తగనే తిరిగిపోయింది. మరుసటి ఏడాదికి మాకు బిడ్డ పుట్టింది. ఈ ముచ్చట నేను చెప్పని పెళ్లిపందిరి లేదు, చాయ్ హోటల్ లేదు. ఒక్క చెంబుతో ప్రభుత్వాన్ని బోల్తా కొట్టించినవాణ్ణని నాకు మహా గర్వం. నా హీరోకు కూడా ఆ చెంబే ఇచ్చాను.

పదకొండు నెలలు రాశాను. పద్నాలుగు పేజీలు మిగిలాయి, కథకు చివర మాత్రం దొరకలేదు. వాడు పట్టుబడాలా, తప్పించుకోవాలా? పట్టుబడితే నాకు కోపం. తప్పించుకుంటే చదివేవాళ్లు నమ్మరు, అంతటి ప్రభుత్వం కదా. వికారాబాదులో ఉండే నా బిడ్డకు ఫోన్ చేస్తే, "నాయినా, కాపీ వట్కరా, నేను చదివి చెప్త ఏం జెయ్యాల్నో" అంది. ఒక గుడ్డసంచిలో రెండు అంగీలు, వాటి మధ్య కాపీ పెట్టుకుని బయల్దేరాను. కాపీ మీద నా పేరు లేదు, ఊరు లేదు, ఫోన్ నంబరు లేదు. ప్రభుత్వానికి ఎదురు రాసేవాడు పేరు పెట్టుకుంటాడా? ఇంకో నకలు కూడా లేదు. రెండు నకళ్లుంటే రెండుసార్లు దొరికిపోతామని నా లెక్క.

తాండూరు బస్టాండులో ఒక చట్టం ఉంది. ఏ సభలోనూ పాసు కాలేదు గానీ మిగతా చట్టాలన్నిటికంటే గట్టిగా నడుస్తుంది. బస్సు ఆగేలోపు కిటికీలోంచి నీ వస్తువు సీటు మీద పడిందంటే ఆ సీటు నీది. వెనకటికి తువ్వాల చాలు. ఆడవాళ్లకు టికెట్ తీసేశాక బస్సులు కిక్కిరిసి, తువ్వాలకు విలువ పోయింది. పక్కకు నెట్టి కూర్చుంటున్నారు. సంచికి మాత్రం ఇంకా మర్యాద ఉంది, అది బరువుగా కనబడుతుంది. ఆ రోజు బస్సు లోపలికి వస్తుంటే బోర్డు చూశాను. వికారాబాద్. పక్కనే ఉరికాను. ఈ వయసులో కూడా నా గురి తప్పలేదు. మూడో కిటికీలోంచి సంచి సీటు మీద కూర్చున్నట్టే పడింది. ఇక ఫికర్ లేదని చాయ్ తాగడానికి పోయాను.

అది వికారాబాదు నుంచి వచ్చిన బస్సు. వచ్చిన ఊరి బోర్డే ఇంకా దించలేదు. నేను చాయ్ ఊదుకుంటుంటే కండక్టరు బోర్డు తిప్పాడు, బంట్వారం అని. నేను గ్లాసు కింద పెట్టేసరికి బస్సు గేటు దాటింది. నవల బంట్వారం పోయింది, నవల రాసినవాడు తాండూరులో మిగిలాడు.

తర్వాతి బస్సు కండక్టరును అడిగితే, "ఎవలన్న తీసుకుంటే తీసుకుంటరు, డిపోల అడుగు పెద్దాయనా" అన్నాడు. డిపోలో ఏ సంచీ రాలేదన్నారు. ఇక మిగిలింది ఒకటే దారి. బస్టాండు మూలన పోలీసు గది, అందులో కెమెరాల టీవీ. ఆ కెమెరా పెట్టిన రోజున దాని కింద నిలబడి అరగంట తిట్టినవాణ్ణి నేనే. మూడో అధ్యాయంలో దాన్ని గద్దతో పోల్చాను. ఇప్పుడు నా నవల ఏ సీట్లో పోయిందో, దాని పక్కన ఎవరు కూర్చున్నారో ఆ గద్దనే అడగాలి.

గదిలో ఒక ఆడ కానిస్టేబులు ఉంది, నా బిడ్డ ఈడుది.

"సంచిల ఏమున్నయ్ తాతా?"

"రెండు అంగీలు. ఒక కాపీ."

"కాపీల ఏం రాసి ఉంది? రాసుకోవాలె నేను."

పదకొండు నెలలు ధైర్యంగా రాసినవాణ్ణి, ఒక్క క్షణంలో నా నాలుక మడతపడింది. "రామకోటి," అన్నాను.

ఆమె పెన్ను పక్కన పెట్టి లేచి నిలబడింది. "అయ్యో! ఎంత దాకొచ్చింది తాతా?"

"పద్నాలుగు పేజీలు మిగిలినయ్."

"కూసో, కూసో. ఇప్పుడే చూద్దాం." టీవీ పెట్టింది. తెర నిండా తెల్లటి గుడ్డ. గుడ్డ మీద ఒక బల్లి. ఐదు నిమిషాలు చూశాం, బల్లి కాస్త పైకి పాకింది.

"ఇదేందమ్మా? మొత్తం బస్టాండ్ గిదేనా?"

"అది ఫ్లెక్సీ వెనక దిక్కు తాతా. ఎవరిదో లీడర్ పుట్టినరోజుది కట్టిండ్రు, కెమెరాకు అడ్డమొచ్చింది."

"ఎన్ని దినాలైంది?"

"పుట్టినరోజు పోయింది, ఫ్లెక్సీ పోలే. తీస్తె ఒక లొల్లి. నువ్వేం ఫికర్ జెయ్యకు, నేను గ్రూపుల పెడ్త."

అప్పటికప్పుడు ఫోన్లో పెట్టేసింది: ఒక పెద్దాయన రాస్తున్న రామకోటి పుస్తకం బంట్వారం బస్సులో పోయింది, దొరికినవారు పుణ్యం కట్టుకోండి. కింద చేతులు జోడించిన బొమ్మలు మూడు. నేను ఏడవలేక వచ్చేశాను. ఇప్పుడు ఆ కాపీ ఎవరి చేతిలో ఉన్నా వాళ్లు రామకోటి కోసం వెతికే పిచ్చి ముసలాయన వేరు, ఈ కాపీ వేరు అనుకుంటారు. నా నవలకూ నాకూ మధ్య ఉన్న ఒక్క దారినీ నా నోటితో నేనే మూసేశాను.

మా గల్లీ మూలన గిర్ని. ఎర్ర కుర్చీలోంచి "ఎటు పోయొచ్చినవన్నా?" అని వచ్చింది. "గిట్లనే, చాయ్‌కి" అన్నాను. ఆమె నా చేతుల వైపు చూసింది.

ఇంట్లో సంగతి చెబితే మా ఆవిడ అంది: "పోతె పోయింది. అండ్ల నన్నేం రాసినవో జెప్పు ముందుగాల."

"నిన్ను రాయలే."

"పదకొండు నెల్లు కూసోని రాస్తివి, నేను యాదికే రాలేదా?"

మళ్లీ రాద్దామని మర్నాడు ఇంకో కాపీ తెచ్చాను. మొదటి వాక్యమే రాలేదు. ఎన్ని బండలైనా పట్టొచ్చు, పట్టిన బండనే మళ్లీ పట్టమంటే చెయ్యి లేవదు. వారం రోజులు ఆ కొత్త కాపీని ముందు పెట్టుకుని ఫ్లెక్సీ మీద బల్లిని తలుచుకున్నాను.

ఎనిమిదో రోజు పొద్దున్నే మా గడపలో గిర్ని ఆమె నిలబడి ఉంది. ఆమె కుర్చీ దిగి ఒకరింటికి నడిచి రావడం నేను చూడలేదు. చావు కబురేమో అనుకున్నాను.

"అన్నా, నీ రామకోటి దొరికింది."

ప్రాణం లేచి వచ్చింది. మరుక్షణం ఎక్కడిదక్కడ జారిపోయింది. "చదివినవా, చెల్లే?"

"నా అంతమట్టుకు చదివిన. ఏడు పేజీలు. రెండు దినాలు వట్టింది, నీ రాత గట్లున్నది."

మా ఆవిడ గంటెతో వంటింట్లోంచి వచ్చింది. "అండ్ల నీ ముచ్చట ఎందుకొచ్చింది?"

"నేను సర్కారు కన్నునట వదినె. ఒకటో తారీకు నాకు పిండి డబ్బల జీతమొస్తదట."

"అది కథ చెల్లే," అన్నాను. "కథలు గట్లనే ఉంటయ్. అండ్ల ఎవరు నిజం కారు."

"నిజంగాకుంటె కుర్చి ఎర్రగెందుకున్నది?"

ఆమే చెప్పుకుపోయింది. బంట్వారంలో గొర్రెలు కాసుకునే ఇంటి ఇల్లాలు ఒకామె ఆ రోజు బస్సెక్కింది. సంచి ఉన్న సీటు కదా అని ఊరు దాటేదాకా నిలబడే ఉంది, మర్యాదకు. ఎవరూ రాకపోతే సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఇల్లు చేరాక అడ్రసు దొరుకుతుందేమోనని కోడలి చేత చదివించింది. అడ్రసు దొరకలేదు, కథ దొరికింది. రోజూ గొర్రెలు దొడ్డెక్కాక ఇంటిల్లిపాదీ కూర్చుని విన్నారట. ఏడు పేజీల దగ్గరికి రాగానే అత్త, "గీమె నాకెర్క!" అని లేచిందట. ఆమె పెద్దబిడ్డను మా పక్క గల్లీలోనే ఇచ్చారు. బిడ్డను చూడ వచ్చినప్పుడల్లా ఆ అత్త కూడా ఎర్ర కుర్చీకి జవాబు చెప్పుకునే పోతుంది. మొన్న వచ్చి సంచి తెచ్చి గిర్నిలో పెట్టి, "అక్కా, గిది నీ గురించే. ఎవరు రాసిండ్రో నువ్వే జెప్పాలె" అందట.

"నేనే అని ఎట్ల తెల్సింది?"

"ఆ దినం నువ్వు పొయ్యేటప్పుడు చేతిల సంచి ఉండె, వచ్చేటప్పుడు లేకుండె. అదే దినం రామకోటి పోయిందని ఫోన్లల్ల వచ్చింది. నువ్వు గుడికి పోంగ నేనెన్నడన్న జూసిన్నా? గా ఎన్మిది దినాలు దప్ప."

"సరే చెల్లే, తప్పయింది. నిన్ను నిఘా మనిషి అన్నందుకు..."

"గది కాదన్నా!" ఆమె గొంతు పెరిగింది. "చూస్తనన్నవ్, చూస్త. ఎటని అడుగుతనన్నవ్, అడుగుత. జీతమని ఎందుకు రాసినవ్? యాభై ఏండ్ల సంది ఫుకట్ల జూస్తున్న. ఒకని దగ్గర ఒక్క పైస ముట్టిన్నా?"

మా ఆవిడ గంటె ఎత్తి ఆమె పక్షాన నిలబడింది. "ఎంత మాట రాసినవయ్యా!"

"నేను సర్కారు మనిషినైతె," గిర్ని ఆమె ఇంకా ఆగలేదు, "గా జీపోడు వచ్చి అడిగిన్నాడే చెప్పకపోదునా?"

"ఏ జీపోడు?"

ఆమె మా ఆవిడ ముఖం చూసింది. మా ఆవిడ నేల చూసింది.

"నేను గప్పుడే కొత్తగ కాపురానికొచ్చిన," అంది గిర్ని ఆమె. "పొద్దుగాల వాకిలి ఊడుస్తున్న. నువ్వు చెంబు వట్కోని పోతున్నవ్. కాళ్లకు పెండ్లి చెప్పులున్నయ్, కిర్రు కిర్రుమనుకుంట. పెండ్లి చెప్పులేసుకొని చెంబు వట్కోని ఎవడన్న పోతడా అన్నా? టేషన్ దిక్కు పోయినవ్. గంటకు జీపొచ్చింది. గిర్ని ముందల్నే ఆపి, బండల పని చేసెటోడు ఎటు పోయిండు, చూసినవా అని నన్నే అడిగిండు. రైలు గప్పుడే టేషన్ల నిలవడ్డది, కూత ఇనవడుతనే ఉన్నది."

"నువ్వేమన్నవ్?"

"చూడలే అన్న."

నేను కూర్చున్నాను. వెనక మంచం ఉందో లేదో కూడా చూసుకోలేదు. యాభై ఏళ్లు పందిళ్లలో చెప్పుకున్న నా చెంబు, నా తెలివి! చెప్పుల సంగతే నాకు గుర్తు లేదు. ఆ ఒక్క మాట ఆమె అనకపోతే వికారాబాదులో నా బిడ్డ లేదు, కాపీ వట్కరా నాయినా అనే గొంతు లేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"నువ్వు చెప్పుకునే ముచ్చట మంచిగుండె. ఎందుకు ఖరాబు జెయ్యాలె అని."

మా ఆవిడ వైపు తిరిగాను. "నీకెర్కనా?"

"నువ్వు అనంతగిరి నుంచి దిగకముందే ఎర్క," అంది మా ఆవిడ. అని గంటె పట్టుకుని లోపలికి పోయింది. లోపల నవ్వు ఆపుకోలేక దగ్గడం వినబడింది.

"సంచి గిర్నిల ఉన్నది," అంది గిర్ని ఆమె వెళ్తూ. "కలం దీస్కరా. జీతం కొట్టేసినంకనే కాపీ నీది."

పోయాను. జొన్న బస్తా మీద కూర్చుని, ఆమె కళ్ల ముందే పిండి డబ్బా వాక్యాలు నాలుగూ కొట్టేశాను. ఆమె ఒక్కొక్క గీతా వేలు పెట్టి చూసుకుంది. కాపీ తిరగేస్తే ఖాళీ పేజీల మొదట్లో పెన్సిలుతో గుండ్రటి అక్షరాలు కనబడ్డాయి. బంట్వారం కోడలు రాసింది. "తర్వాత ఏమైంది? మా అత్త రోజూ అడుగుతున్నది. అంత పెద్ద సర్కారు ఒక్క మనిషిని పట్టలేకపోతె సిగ్గులేదా అంటున్నడు మా మామ."

వాళ్ల మామ అన్నది నిజమే. కానీ తెర మీద బల్లిని చూసి వచ్చినవాణ్ణి, నా ప్రభుత్వానికి అంత చూపు ఇవ్వడానికి ఇక నాకు చెయ్యి రాలేదు.

పద్నాలుగు పేజీలూ నాలుగు రోజుల్లో అయిపోయాయి. వికారాబాదుకు ఫోన్ చేస్తే నా బిడ్డ, "మరి నన్నడుగుతవనుకున్న గద నాయినా" అని అలిగింది. ముందుగా గిర్నికి పట్టుకుపోయాను. ఆమె మిషన్ బంద్ చేసింది. పిండి కోసం వచ్చినవాళ్లను నిలబెట్టేసింది. నేను చదివాను. సిపాయిలు గల్లీలోకి వస్తారు. కెమెరాల్లో తెల్లగుడ్డ తప్ప ఏమీ లేదు. మూలన ఎర్ర కుర్చీలో ఒకామె, కనుబొమల మీద పిండి. దేశంలో అన్నీ చూసేది ఆమె ఒక్కతే. ముద్రల్లేని మనిషి ఇటు పోయాడా అని అధికారి అడుగుతాడు. అప్పుడే వాడు చెంబుతో ఆమె ముందు నుంచి దాటిపోయాడు. రైలు కూత వినబడుతూనే ఉంది. ఆమె చేతి గడియారం చూసుకుని, "చూడలే" అంటుంది.

ఆమె కొంగుతో కనుబొమలు తుడుచుకుంది. పిండి పోలేదు.

"బాగనే ఉన్నది," అంది. "చెప్పులు రాసినవా?"

"చెప్పులెందుకు చెల్లే? వాడు తెలివైనోడు గద."

"రాయి."

జొన్న బస్తా మీద మళ్లీ కూర్చున్నాను. కలం మూత తీసి, హీరో కాళ్లకు పెళ్లి చెప్పులు తొడిగాను. ఎంత కిర్రుమంటాయో కూడా ఆమే చెప్పింది, నేను రాసుకున్నాను.